జింకలు పులిహోర తిన్న ఆదివారం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు నేను ఒక జింకల పార్కులో పశువైద్యాధికారిగా చేరాను. అప్పటికి పశుసంవర్ధక శాఖలో అసిస్టెంట్ డైరెక్టర్ హోదాలో ఉన్నాను. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. పార్కు అటవీ శాఖది కాబట్టి నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక శాఖ ఇస్తుంది, పని ఇంకో శాఖ చేయించుకుంటుంది, తప్పు జరిగితే మాత్రం రెండు శాఖలూ కలిసి సంజాయిషీ అడుగుతాయి. ఈ చివరి సంగతి నాకు ఆ ఏడాది తిరగకముందే అనుభవమైంది.

నా సర్వీసు ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు, ప్రకాశం జిల్లాల గేదెలతోనే గడిచింది. గేదె చూడి కట్టిందో లేదో తెలుసుకోవడానికి భుజం దాకా లోపల చెయ్యి పెట్టి చూడటం మా వృత్తిలో రోజువారీ పని. నా ఆర్డరు కాగితం చూసి మా ఆఫీసు సీనియర్ అసిస్టెంటు, "ఇంక మీ చెయ్యి ఖాళీయే మేడం, జింకలు దగ్గరికి రానిస్తాయా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన హాస్యానికి అన్నా, ఆ ఉద్యోగం గురించి నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో అంత ఉపయోగమైనది ఇంకోటి లేదు. అది నాకు తర్వాత తెలిసింది.

పార్కు పర్చూరు దాటి కాస్త లోపలికి వెళ్తే వస్తుంది. ఒక పక్క మిర్చి, ఒక పక్క పత్తి. మధ్యలో అటవీ శాఖ ఎప్పుడో పెంచిన ఉసిరి తోట, దాన్ని ఆనుకుని ఇనుప కంచె వేసిన నేల. ఆ కంచె లోపలి భాగాన్ని ఎన్‌క్లోజరు అంటారు. అందులో చుక్కల దుప్పుల మంద ఉండేది. చూడటానికి వచ్చేవాళ్లంతా జింకలనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. పార్కుకు అధికారి రేంజరు గారు. జింకల బాగోగులు చూసే యానిమల్ కీపరు పేరు యాకోబు.

యాకోబుకు యాభై దాటాయి. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. అంటే, ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్నా, రేపటి నుంచి రావద్దని చెప్పడానికి పైవాళ్లకు ఒక్క కాగితం చాలు. అంతకు ముందు మిరప కోతలకు కూలికి వెళ్లేవాడట. ఆదివారం ఉదయం వాళ్ల ఊరి చర్చిలో మొదటి ఆరాధన ముగించుకుని, తెల్ల చొక్కా మార్చి ఖాకీ చొక్కా వేసుకుని పది గంటలకు డ్యూటీ ఎక్కేవాడు. జింకల ఇంగ్లీషు పేరు కూడా సరిగ్గా పలకలేడు గానీ, ఏ జింక ఏ పొద్దు ఎక్కడ పడుకుంటుందో చెప్పగలడు.

జూ వైద్యం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. గేదెకు జబ్బు చేస్తే రైతు ముకుతాడు పట్టుకుంటాడు, మనం సూది వేస్తాం, గేదె ఒకసారి కాలు విదిలించి ఊరుకుంటుంది. జింకను అలా పట్టుకోవడానికి లేదు. వల వేసి పట్టుకుంటే భయానికే గుండె ఆగిపోవచ్చు. అప్పటికి బతికినా, పెనుగులాటలో కండరాలు దెబ్బతిని రెండు మూడు రోజుల తర్వాత చచ్చిపోవచ్చు. అందుకని జూ డాక్టరు పనిలో ముప్పాతిక వంతు దూరం నుంచి చూడటమే. పొద్దున్నే తలలు లెక్కపెట్టాలి, పెంటికలు గట్టిగా ఉన్నాయా జారుగా ఉన్నాయా చూడాలి, పడుకున్నవి నెమరు వేస్తున్నాయా లేదా గమనించాలి, రిజిస్టరులో రాసుకోవాలి. ముప్పై ఏళ్లు చేతులతో పనిచేసినదాన్ని, నాకు ఇది ఉద్యోగంలాగే అనిపించలేదు. మొదటి నెల చాలా విసుగ్గా గడిచింది.

ఆ విసుగులో నా దృష్టి సందర్శకుల మీద పడింది. ఆదివారం వస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు కట్టుకుని జనం వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లంతా జింకలకు ఏదో ఒకటి పెట్టాల్సిందే. బఠాణీలు, అరటి తొక్కలు, మసాలా మరమరాలు, కారం అద్దిన మొక్కజొన్న పొత్తులు. కంచె మీద పెద్ద బోర్డు ఉండేది, జంతువులకు ఆహారము పెట్టుట నేరము, ఉల్లంఘించినవారు శిక్షార్హులు అని. దాన్ని ఆనుకుని నిలబడే పెట్టేవాళ్లు. ఒకావిడ చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని కంచె సందులోంచి బిస్కెట్టు అందిస్తుంటే గట్టిగా కేకలేశాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "నోరున్న జీవి చూస్తా ఉంటే మనం ఎట్టా తింటామమ్మా? దిష్టి తగులుద్ది. పిల్లోడికి కడుపులో నొప్పొస్తది" అంది. తను తినేది ఎదుటి ప్రాణికి కాస్త పెట్టకుండా తినడం ఆవిడకు తప్పు. నేను చెప్పేది ఆవిడకు మరీ తప్పుగా తోచింది. బోర్డు రాసిన అధికారి ఎవరో గానీ ఇలాంటి మనుషుల మధ్య ఎప్పుడూ అన్నం తిని ఉండడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పెట్టవద్దంటే ఎలాగూ వినరు, కాబట్టి ఏం పెట్టాలో మనమే ఇస్తే సరి. పార్కు వెనక అవిసె చెట్లు బోలెడు ఉన్నాయి. అవిసె ఆకు జింకలకు మంచి మేత. దాన్ని చిన్న చిన్న కట్టలుగా కట్టించి, గేటు దగ్గర ఊరికే ఇచ్చి, ఉదయం పది గంటలకూ సాయంత్రం నాలుగు గంటలకూ సందర్శకుల చేతనే పెట్టించడం. ఆ రెండు వేళల్లో యాకోబు కర్రతో కంచె స్తంభం మీద నాలుగు దెబ్బలు కొట్టాలి, జింకలు రావాలి. దీనికి 'పిడికెడు ఆకు' అని పేరు పెట్టాను. రేంజరు గారికి నచ్చింది. నా సంతకంతో ఆఫీసు ఉత్తర్వు తయారైంది.

యాకోబుకు నచ్చలేదు. ఉత్తర్వు చదివి వినిపిస్తే తల గోక్కుని, "మేడం, అవి కంచె కాడికి రాకపోతేనే మంచిదండి. మనిషి చెయ్యి మరిగినాక ఆ చేతిలో ఏముందో చూడవు" అన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న డాక్టరుకు కీపరు పాఠం చెప్పడమా అని నాకు చురుక్కుమంది. చెప్పిన పని చెయ్యమన్నాను. అతను వెళ్లి కర్ర తెచ్చుకున్నాడు.

నెల తిరగకుండానే స్తంభం మీద దెబ్బ పడితే చాలు, మందకు మంద పరుగెత్తుకు వచ్చేది. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. పేపరు వాళ్లు వచ్చి నా ఫోటో వేశారు, చేతిలో అవిసె కట్ట, కంచె అవతల జింక మూతి. ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నాను. నాకు చాలా గర్వంగా ఉండేది, దాచడం ఎందుకు.

కార్తీక మాసం వచ్చింది. ఉసిరి చెట్ల కింద వనభోజనాలకు పార్కులో అనుమతి ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న రివాజు. రెండో ఆదివారం పక్క ఊరి రైతులు రెండు వందల మంది దాకా వచ్చారు. వాళ్ల పెద్ద సాంబయ్య గారు. మిర్చి రైతు, డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టే రకం. నన్నూ అలాగే కూర్చోబెట్టారు. పులిహోర, చక్కెర పొంగలి, గుత్తి వంకాయ, గోంగూర, గడ్డ పెరుగు. కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కుని, రెండు గంటలకు ఇంటికి బయల్దేరాను. వెళ్తూ వెళ్తూ గుండిగల్లో ఇంకా సగానికి సగం మిగిలి ఉండటం చూశాను. వంట బాగా కుదిరిందని కూడా అన్నాను.

ఆ రోజు ట్రాక్టర్లు, కార్లు ఎక్కువ రావడంతో రేంజరు గారు యాకోబును పార్కింగు దగ్గరికి పంపారు. నోటిమాటగా చెప్పిన పని, కాగితం మీద ఏమీ లేదు. నాలుగు గంటలకు జింకల దగ్గర ఎవరూ లేరు. మిగిలిన అన్నం పారబోయడం మహా పాపమని సాంబయ్య గారి బృందం గుండిగలు మోసుకుని కంచె దగ్గరికి వచ్చారు. ఎవరో గరిటెతో స్తంభం మీద కొట్టారు. జింకలన్నీ వచ్చాయి. అడ్డాకులు కంచె కిందుగా లోపలికి తోసి, అందులో తెల్లన్నం, పులిహోర, పొంగలి వడ్డించారు. ఉప్పంటే జింకలకు ప్రాణం, పులిహోరలో ఉప్పుకు కొదవ ఉండదు. చీకటి పడే లోపు గుండిగలు కడిగినట్టు అయ్యాయట.

సోమవారం ఉదయం ఆరింటికి యాకోబు ఫోను చేశాడు. "మేడం, తొమ్మిది జింకలకు బాగాలేదండి. నెమరెయ్యట్లేదు. నాలుగు లేవట్లా" అన్నాడు. నేను వెళ్లేసరికి కంచె దగ్గర పుల్లటి వాసన. పడి ఉన్న నాలుగింటికీ ఎడమ డొక్క ఉబ్బి ఉంది, జారుడుగా బూడిద రంగు విరేచనాలు. ఆ వాసన నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ల మర్నాడు ఏ ఊరు వెళ్లినా ఏదో ఒక కొట్టంలో అదే వాసన. నెమరు వేసే జంతువు పెద్ద పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కసారిగా బోలెడు అన్నం పడితే అది లోపల పులిసి ఆమ్లంగా మారుతుంది. సూక్ష్మజీవులు చస్తాయి, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. దీన్ని అసిడోసిస్ అంటాం.

గేదెకైతే ఏం చేయాలో నిద్రలో అడిగినా చెబుతాను. వంటసోడా నీళ్లలో కలిపి గొట్టంతో తాగిస్తాం, నరానికి సెలైన్లు ఎక్కిస్తాం, మరీ ముదిరితే డొక్క కోసి అన్నం చేత్తో తోడేస్తాం. జింకకు ఇవన్నీ చేయాలంటే ముందు పట్టుకోవాలి. పట్టుకుంటే జబ్బు కంటే ముందు మనమే చంపుతాం. ఒక పెద్ద జూలో పనిచేసే డాక్టరుకు ఫోను చేశాను. నిలబడి ఉన్నవాటిని ముట్టుకోవద్దు, లేవలేనివాటినే పట్టుకోండి అన్నాడాయన. తాగే తొట్టిలో వంటసోడా కలిపించాను. పచ్చిమేత ఆపించి ఎండుగడ్డి వేయించాను. పడి ఉన్న నాలుగింటికీ ఒక్కొక్కదాని దగ్గరికి చప్పుడు కాకుండా వెళ్లాం. యాకోబు కళ్ల మీద తువ్వాలు కప్పి తల ఒళ్లో పెట్టుకుంటే, నేను మెడ నరంలో సూది పెట్టాను. కళ్లు కప్పితే జింక కొంచెం నిమ్మళిస్తుంది. నా చేతి కింద దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, లెక్క పెట్టలేకపోయాను. యాకోబు వాటితో ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ప్రార్థనో, ఊరడింపో నేను అడగలేదు.

మంగళవారం సాయంత్రానికి మూడు పోయాయి. రెండు ఆడవి, ఒకటి కొమ్ములు మొలుస్తున్న మగది. నాలుగోది బుధవారం ఉదయం లేచి నిలబడింది, మిగతా అయిదూ కోలుకున్నాయి.

వన్యప్రాణి చనిపోతే గొయ్యి తీసి పూడ్చేస్తే కుదరదు. పోస్టుమార్టం చేయాలి, రేంజరు సమక్షంలో, సాక్షుల సంతకాలతో పంచనామా రాయాలి, కళేబరాన్ని వాళ్ల ఎదుటే కాల్చాలి. నేనే కోశాను. పెద్ద పొట్టలో ఉబ్బిన మెతుకులు, వాటి మధ్య కరివేపాకు, వేరుశెనగ పలుకులు, ఎండుమిరపకాయ తొడిమలు. లోపలి నీళ్లలో పిహెచ్ కాగితం ముంచితే అయిదు కన్నా కిందికి చూపించింది. ఒక ఆడ జింక కడుపులో పిల్ల ఉంది. ఒంటి మీద చుక్కలు అప్పటికే తేలాయి. ముప్పై ఏళ్లలో ఎన్ని కోశానో చెప్పలేను. ఆ రోజు మాత్రం బయటికి వచ్చి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

మరణ కారణం రాయడంలో సందేహమేమీ లేదు. పోస్టుమార్టం రిపోర్టులో దానికంటే ముందు ఒక గడి ఉంటుంది, హిస్టరీ అని. జంతువు చావుకు ముందు ఏం జరిగిందో అందులో రాయాలి. రేంజరు గారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. "మీరు అబద్ధం రాయనక్కర్లేదు డాక్టర్ గారూ. కీపరు ఆ టైములో అక్కడ లేడు. ఉన్నదున్నట్టు రాయండి చాలు" అన్నారు. కీపరు డ్యూటీ స్థలంలో లేని సమయంలో సందర్శకులు అన్నం పెట్టడం వల్ల, అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ వాక్యంతో యాకోబు ఉద్యోగం పోతుందని నాకు తెలుసు, రేంజరు గారికీ తెలుసు. రిటైర్మెంటు ముందు నా సర్వీసు పుస్తకంలో మచ్చ పడకూడదని నాకు ఉంది. సంతకం మర్నాడు పెట్టి పంపుదామని డ్రాఫ్టు సొరుగులో పెట్టాను.

మర్నాడు పొద్దున్నే సాంబయ్య గారు వచ్చారు. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. మొహం చూస్తే రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది.

"అమ్మా, మేం పెట్టిందే తిని పోయినయ్యంట. నిజమేనా?"

నిజమేనన్నాను.

"మా ఇంట్లో మూడు గేదెలున్నయ్యి. పోయినేడు మా మనవరాలి పెళ్ళిలో మిగిలిన అన్నం కోడలు కుడితి గోలెంలో పొయ్యబోతే ఇంతెత్తున లేచాను. గేదె పొట్ట ఉబ్బి చస్తదని నాకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా జింకలకు వడ్డించానమ్మా. అదీ గేదె లాంటిదేనని తట్టలా. ఏదో ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టు పెట్టాను."

నాకు అప్పటికే కోపం పొంగుతోంది. ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కాబట్టి ఆయన మీదే చూపించాను. అంత పెద్ద బోర్డు ఉంది, చదువుకున్న మీరే ఇలా చేస్తే ఎలా అని గట్టిగా అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. నిజంగానే అర్థం కానట్టు నా వంక చూశారు.

"మరి మీరే కదమ్మా గేటు కాడ కట్టలిచ్చి పెట్టమంది? పేపర్లో మీ బొమ్మ కూడా ఏశారుగా. డాక్టరమ్మే దగ్గరుండి పెట్టిస్తంటే మనం పెడితే తప్పేంటి అనుకున్నాం. మేం కొట్టగానే వచ్చినయ్యమ్మా, ఎంత నమ్మకంగా వచ్చినయ్యో."

ఆయన నన్ను నిందించడానికి అనలేదు. కనీసం నిందించినా బాగుండేది. నేను ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాను. ఆయన, ఏదన్నా కేసు పెట్టేదుంటే తన పేరు మీద పెట్టమనీ, ఊళ్లో వాళ్లను లాగవద్దనీ చెప్పి వెళ్లిపోయారు. నాకు చాలా సిగ్గేసింది. ఒక మిర్చి రైతు తన తప్పు తన పేరున రాయమని గుమ్మంలో నిలబడి అడుగుతుంటే, గజిటెడ్ అధికారిని నేను నా తప్పు కీపరు పేరున రాసి సొరుగులో పెట్టుకున్నాను.

డ్రాఫ్టు చింపేసి మళ్లీ రాశాను. హిస్టరీ గడి మొదటి వాక్యంలో, నేను ఫలానా ఉత్తర్వు ద్వారా సందర్శకులు జింకలకు మేత పెట్టే పద్ధతి ప్రవేశపెట్టానని, దాని వల్ల మంద కంచె చప్పుడుకు మనుషుల దగ్గరికి రావడం మరిగిందని, సందర్శకులు పెట్టడం అనుమతించిన పనేనని భావించారని రాశాను. ఈ పద్ధతి మంచిది కాదని కీపరు ముందే చెప్పగా నేను వినలేదని రెండో వాక్యం. ఆ రోజు అధికారుల మౌఖిక ఆదేశంపై కీపరు పార్కింగు డ్యూటీలో ఉన్నాడని మూడోది. భోజనాలకు నేను హాజరైన సంగతి, అన్నం మిగిలి ఉండటం చూసి కూడా ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిన సంగతి కూడా చేర్చాను. రేంజరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత, "మూడోది తీసేస్తారా?" అని అడిగారు. తీసేయనన్నాను. ఆయన నిట్టూర్చి ఫార్వర్డు చేశారు. చేయకుండా ఆపగలిగే అధికారం ఉండి కూడా ఆపలేదు, అది ఆయన గొప్పతనమే.

సాయంత్రం యాకోబు గడ్డి మోపు దించి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "నా పేరు తీసేశారంట గదా మేడం" అన్నాడు. తీసేయలేదు, దాని పైన నా పేరు రాశానన్నాను. అతను తల ఊపి, తొట్టి కడగాలంటూ వెళ్లిపోయాడు. ధన్యవాదాలేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

రెండు శాఖల నుంచీ మెమోలు వచ్చాయి. సంజాయిషీ ఇచ్చాను. చివరికి నా సర్వీసు పుస్తకంలో అభిశంసన నమోదైంది. అంటే, పైవాళ్లు అధికారికంగా తిట్టినట్టు ఎర్ర సిరాతో ఒక రాత. యాకోబు ఉద్యోగం నిలిచింది. 'పిడికెడు ఆకు' రద్దయింది.

ఉత్తర్వు రద్దు చేయడానికి ఒక పూట పట్టింది. జింకల అలవాటు రద్దు చేయడానికి దాదాపు ఏడాది పట్టింది. కంచె దగ్గర మనిషి నీడ పడితే చాలు, వచ్చి మూతి పెట్టేవి. వాటిని తరమాల్సిన పని యాకోబు మీద పడింది. ఖాళీ డబ్బా మోగిస్తూ, కేకలేస్తూ, రోజుకు పదిసార్లు వాటి వెంటపడేవాడు. ఇరవై ఏళ్లు వాటి మధ్య అడుగు చప్పుడు కాకుండా తిరిగిన మనిషి. మొదట్లో అవి కొంచెం దూరం పోయి ఆగి, అతని వంక తిరిగి చూసేవి. "ఎందుకిట్టా చేస్తున్నానో వాటికేం తెలుసు మేడం" అన్నాడొకసారి. ఆ పని నేను చేస్తానంటే, మీ గొంతు సరిపోదన్నాడు.

బోర్డు కూడా మార్చాను. సాంబయ్య గారి మాట మనసులో పెట్టుకుని, మీ గేదెకు పెట్టనిది జింకకూ పెట్టకండి అని రాయించాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. వారం లోపే ఒకాయన సైకిలు మీద సంచెడు పత్తి గింజలు, ఇంకొకాయన తెలగపిండి పట్టుకుని వచ్చారు. మా గేదెకు ఇదే పెడతామండి, పాడి బాగుంటుంది, అన్నారు. ఆ బోర్డు పీకించేశాను. మాటలతో మనుషుల చేతులు కట్టడం నాకు రాదని ఒప్పుకున్నాను.

మరుసటి కార్తీకంలో ఆ పని సాంబయ్య గారు చేశారు. ఆయన ఊరి భోజనాలు పార్కు బయట పెట్టించి, వాటికి వెళ్లకుండా నాలుగు ఆదివారాలూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంచె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరైనా పొట్లం విప్పుతూ వస్తే లేచి వెళ్లేవారు. అదిలించడం, బెదిరించడం లేదు. "పోయినేడు నేను పెట్టానయ్యా. మూడు చచ్చిపోయినయ్యి. ఒకదాని కడుపులో పిల్లుంది" అని చెప్పేవారు. అంతే. వాళ్లు పొట్లం మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు. శిక్షార్హులు అన్న బోర్డు ఇరవై ఏళ్లలో చేయలేని పని ఆ మూడు ముక్కలు చేయడం నేను నా కళ్లతో చూశాను.

రిటైరయ్యే రోజు నా తర్వాత వచ్చిన డాక్టరుకు చార్జి అప్పగిస్తూ ఎన్‌క్లోజరు చూపించాను. కుర్రవాడు, ఉత్సాహంగా ఉన్నాడు. మేము కంచె వైపు నడుస్తుంటే, వేప చెట్ల కింద పడుకున్న జింకలు చెవులు నిక్కించి, లేచి, చకచకా అవతలి చివరికి వెళ్లిపోయాయి. "ఇవి దగ్గరికి రావా?" అని అడిగాడు, కాస్త నిరాశగా. వెనక నుంచి యాకోబు, "రావు సార్" అన్నాడు.

జూకు వచ్చిన మనిషికి జంతువు తన దగ్గరికి రావాలని ఉంటుంది. ఆ కోరిక సందర్శకులకు ఎంత ఉందో డాక్టరుకూ అంతే ఉంటుందని ఈ ఉద్యోగంలో నేర్చుకున్నాను. పెట్టవద్దని వాళ్లకు చెప్పే ముందు, ఆ కోరిక నేను మానుకోవాల్సింది. సర్వీసులో నేను బతికించిన పశువుల లెక్క నా దగ్గర లేదు. నన్ను నమ్మడం నేర్చుకుని చచ్చిపోయినవి మాత్రం మూడు, కడుపులో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటే నాలుగు.